ఒకినావాలో ‘ప్రైవేట్ బీచ్’: ఇంతకీ దేనికి డబ్బు కడుతున్నాం?

జపాన్ దక్షిణ కొసన ఉన్న ఒకినావా ప్రధాన ద్వీపం పశ్చిమ తీరంలో రిసార్టు వెతికేవాళ్ల కన్ను ముందు రెండింటి మీద పడుతుంది: ఫొటోలో నీళ్ల రంగు, హోటల్ పేరు పక్కన ‘ప్రైవేట్ బీచ్’ అన్న ముక్క. రంగు అబద్ధం కాదు. అక్కడి సముద్రం నిజంగానే అలా ఉంటుంది. తిరకాసంతా రెండో ముక్కలోనే ఉంది. జపాన్‌లో పోటు నీళ్లు తడిపే ఇసుక సాధారణంగా ప్రజల ఆస్తి, హోటల్ సొత్తు కాదు. అందులోకి ఎప్పుడు దిగాలో, ఎప్పుడు దిగకూడదో తేల్చేది పగడపు దిబ్బ, గాలి, తుపాను. మరి హోటల్ అమ్మేదేమిటంటే ఆ నీళ్ల దాకా దారి, అక్కడ కాపలా, పైనుంచి చూపు, సముద్రం మూతపడ్డ రోజున కాలక్షేపం. ఈ నాలుగింట్లో మనకేది కావాలో తేల్చుకోకుండా హోటల్‌కు ఎన్ని స్టార్లో చూసి గది తీసుకుంటే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ.

ముందు చట్టం సంగతి. జపాన్ తీర చట్టం 1956 నాటిది. వసంత విషువత్తు రోజు పోటు గీత నుంచి నేల వైపు 50 మీటర్లు, అదే రోజు ఆటు గీత నుంచి నీళ్ల వైపు 50 మీటర్లు దాటకుండా తీరరక్షణ ప్రాంతాన్ని గుర్తించే అధికారం ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) గవర్నరుకు ఉంది. అలాంటి చోట గుడిసె వేయాలన్నా, తేలే వంతెన కట్టాలన్నా హోటల్ అనుమతి తీసుకోవాల్సిందే. ఒకినావా ఇంకో అడుగు ముందుకేసి 1990లో తీరాన్ని జనం స్వేచ్ఛగా వాడుకోవడం కోసమే ఒక స్థానిక శాసనం చేసింది. ఊరివాళ్లు తరతరాలుగా నాచు, గవ్వలు ఏరుకున్న తీరాలకు అడ్డంగా హోటళ్లు లేచాక వచ్చిన శాసనం ఇది. తీరం వెంట వ్యాపారం చేసేవాళ్లు జనం రాకపోకలకు అడ్డం పడకూడదన్నది దాని సారం.

మరి ‘ప్రైవేట్’ ఏముంది అక్కడ? ఇసుక వెనక నేల, గేటు, మెట్లు, పార్కింగ్, షవర్లు, గొడుగులు, కుర్చీలు. బయటివాళ్ల దగ్గర కొన్ని హోటళ్లు పార్కింగ్ రుసుమో, సౌకర్యాల రుసుమో వసూలు చేసేది వీటికే. కాబట్టి వేలకు వేలు పోసి దిగిన హోటల్ ముందు ఎవరో కుటుంబం చాప పరుచుకుని కూర్చుంటే అది నిర్వాహకుల అలసత్వం కాదు, ఆ కుటుంబం హక్కు. దీనికి ఇంకో వైపూ ఉంది. ఊళ్లో చవక లాడ్జీలో దిగి, పగలు రుసుము కట్టి రిసార్టు బీచ్‌కు వెళ్లడం కూడా చాలాచోట్ల కుదురుతుంది. పిల్లలు లేకుండా వెళ్లేవాళ్లకు చాలాసార్లు ఇదే గిట్టుబాటు.

పిల్లలుంటే లెక్క మారుతుంది. అప్పుడు డబ్బు పెట్టాల్సింది కాపలాకే. హోటలో, మరొకరో నిర్వహించే బీచ్‌లలో తేలే బంతుల తాడుతో గిరి గీసిన ఈత ప్రాంతం, లైఫ్‌గార్డు, వేసవిలో జెల్లీచేపల వల ఉంటాయి. ఒకినావాలో హాబు జెల్లీచేప జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా, మోకాలి లోతు నీళ్లలోకే వస్తుంది. ఒళ్లు గాజులా ఉంటుంది కనుక కనిపించదు. వల పెద్దవాటిని ఆపుతుంది గానీ పిల్ల జెల్లీచేపలు, తెగిన మీసాలు లోపలికి రావచ్చు. కుడితే రుద్దకూడదు. వెనిగర్ ధారాళంగా పోసి, మీసాలు మెల్లగా తీసేసి, ఆపైన చల్లదనం పెట్టాలి. బీచ్ గుడిసెల్లో వెనిగర్ సీసాలు ఉండేది అందుకే. అయితే ఈ వైద్యం హాబు జెల్లీచేపకే. నీలం బుడగలా తేలే పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ కుట్టినప్పుడు వెనిగర్ పోస్తే బాధ ఎక్కువవుతుంది, దానికి సముద్రపు నీళ్లతోనే కడగాలి. ఏది కుట్టిందో తేలకపోతే ముందు లైఫ్‌గార్డుకు చూపించాలి.

ఇక నీళ్ల స్వభావం. మన తూర్పు తీరంలో అల నేరుగా వచ్చి ఇసుక మీద విరుగుతుంది. ఒకినావాలో చాలాచోట్ల తీరానికి కొన్ని వందల మీటర్ల దూరంలో పగడపు దిబ్బ అంచు ఉంటుంది, అల అక్కడే విరిగిపోతుంది. దిబ్బకూ ఇసుకకూ మధ్య నిలిచిన తేటనీటిని ఊరివాళ్లు ‘ఇనో’ అంటారు. పైఅంతస్తు నుంచి చూస్తే లేత ఆకుపచ్చ నీలంలో కనిపించేది ఇనో, దాని అవతల ఉన్నట్టుండి ముదురు నీలమయ్యేది లోతు సముద్రం. ఒకే హోటల్‌లో మూడో అంతస్తుకూ తొమ్మిదో అంతస్తుకూ ధరలో అంత తేడా రావడానికి ఈ రెండు రంగులు కలిసే గీత కూడా కారణమే. కింది అంతస్తు నుంచి చెట్లు, కొలను కనిపిస్తాయి, ఆ గీత మాత్రం కనిపించదు.

ఇనో లోతు పోటూ ఆటులతో మారుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టం సుమారు 2 మీటర్లు ఎక్కి దిగుతుంది. ఆటు వేళకు ఫొటోలోని నీలం కాస్తా పగడపు రాళ్లు తేలిన చిత్తడి అవుతుంది. వసంతకాలంలో ఈ పెద్ద ఆటు పగటిపూట వస్తుంది. చాంద్రమాన మూడో నెల మూడో రోజున ఆడవాళ్లు తీరానికి దిగే ‘హమౌరి’ ఆచారం ఆ ఆటు చుట్టూ అల్లుకున్నదే. శీతాకాలంలో పెద్ద ఆటు రాత్రిపూటకు జరుగుతుంది. ఏప్రిల్‌లో వెళ్లి మధ్యాహ్నం బీచ్ చూసి ‘నీళ్లే లేవు’ అని నొచ్చుకునేవాళ్లు జపాన్ వాతావరణ సంస్థ ఇచ్చే ఆటుపోట్ల పట్టిక ముందే చూసి ఉంటే ఆ బాధ తప్పేది. ఒకినావా రాజధాని నాహా పట్టిక చూసుకుంటే పశ్చిమ తీరానికి దాదాపు సరిపోతుంది. ఈతకైనా స్నార్కెలింగ్‌కైనా (గొట్టంతో ఊపిరి పీలుస్తూ, తేలుతూ నీళ్ల అడుగు చూడటం) నిండు పోటుకు అటూ ఇటూ రెండేసి గంటలు మంచి సమయం.

దిబ్బ వల్ల వచ్చే ప్రమాదం వేరే రకం. అలలు దిబ్బ మీదుగా ఇనోలోకి నీళ్లు తోస్తూనే ఉంటాయి. ఆ నీళ్లు తిరిగి పోవడానికి దిబ్బలో అక్కడక్కడా గండ్లుంటాయి. ఆటు మొదలయ్యాక ఇనోలో నీళ్లన్నీ ఆ గండి వైపే పరుగెత్తుతాయి. పైన ఒక్క అల ఉండదు, నీళ్లు నిశ్చలంగా కనిపిస్తాయి, ముఖం నీళ్లలో పెట్టి చేపలు చూస్తున్న మనిషి తెలియకుండానే గండి దాకా కొట్టుకుపోతాడు. అలాంటప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసటే మిగులుతుంది. ప్రవాహానికి అడ్డంగా, పక్కకు ఈదాలి. తేలే జాకెట్ లేకుండా స్నార్కెలింగ్‌కు దిగకపోవడం అన్నిటికంటే ముఖ్యం. సముద్రంలో ఆపద వస్తే జపాన్ కోస్ట్ గార్డు నంబరు 118, అంబులెన్స్‌కు 119.

ఒకినావా బీచ్‌లన్నీ ప్రకృతి ఇచ్చినవి కావు. ఇసుక తెచ్చి పోసి, అది కొట్టుకుపోకుండా రాతిగట్లు వేసి చేసినవి చాలా ఉన్నాయి. ఉపగ్రహ పటంలో చూస్తే వెంటనే తెలుస్తుంది: రెండు వైపులా రాతిగట్లు, మధ్యలో కొలిచి గీసినట్టున్న అర్ధచంద్రం. పాదాలకు మెత్తగా, పసిపిల్లలకు భద్రంగా ఉండేది ఇదే, కానీ గిరి లోపల చూడటానికి చేపలు పెద్దగా ఉండవు. సహజ తీరంలో పగడపు ముక్కలు గుచ్చుకుంటాయి, నీళ్ల చెప్పులు తప్పనిసరి, చేపలు మాత్రం నడుం లోతులోనే కనిపిస్తాయి. యోమితాన్‌లో 1994లో తెరిచిన హోటల్ నిక్కో అలివిలా ముందున్న నిరాయ్ బీచ్ రెండో రకం. సముద్రపు తాబేళ్లు అక్కడికి వచ్చి గుడ్లు పెడతాయి.

రిసార్టులన్నీ పశ్చిమానే ఎందుకు గుమిగూడాయి? సూర్యాస్తమయం ఒక కారణమే గానీ అసలు కారణం గాలి. వేసవిలో గాలి దక్షిణం నుంచి వీస్తుంది. అప్పుడు ద్వీపం వెన్ను అడ్డుపడి పశ్చిమ తీరం ప్రశాంతంగా ఉంటుంది. ఒన్నా, నాగోలను కలుపుతూ 58వ నంబరు జాతీయ రహదారి ఈ తీరం వెంటే పోతుంది. 1972 మే 15న ద్వీపాలు అమెరికా పాలన నుంచి జపాన్‌కు తిరిగి వచ్చాయి. 1975లో మోతోబులో సముద్ర ప్రదర్శన మొదలైంది. ఆ ఏడాదే ఒన్నాలో హోటల్ మూన్ బీచ్ తెరిచారు, 1983లో మంజా బీచ్ హోటల్ వచ్చింది. రిసార్టులను ప్రోత్సహించే జాతీయ చట్టం 1987లో చేశారు. 1997లో నాగో దగ్గర బుసేనా టెర్రస్ వచ్చింది, 2000లో జీ8 దేశాధినేతలు సమావేశమైంది ఆ బుసేనా కొసనే. ఇప్పుడు ‘లగ్జరీ’ అంటున్నది ఆ తర్వాతి తరం: 2018లో సెరగాకి ద్వీపం మీద హయత్ రీజెన్సీ, 2019లో 360 గదుల హలెకులాని, 2020లో యోమితాన్‌లో 100 గదుల హోషినోయా. ఈ తరం సముద్రం మీద పాతవాటంత ఆధారపడదు. హలెకులానిలో ఐదు కొలనులు ఉండటం, హోషినోయా వేడినీటి కొలను ఏడాది పొడవునా నడవడం ఇందుకు నిదర్శనం. దీని వెనక ఉన్న లెక్క అర్థం కావాలంటే క్యాలెండర్ చూడాలి.

నవంబరు నుంచి మార్చి దాకా గాలి ఉత్తరానికి మళ్లుతుంది. వేసవిలో చాటుగా ఉన్న పశ్చిమ తీరమే ఇప్పుడు దానికి ఎదురు నిలబడుతుంది. నాహాలో జనవరి సగటు 17 డిగ్రీలంటే మన హైదరాబాదీకి చలి అనిపించకపోవచ్చు, కానీ ఆ గాలికి బాల్కనీలో పది నిమిషాలు కూర్చోలేరు. సముద్రం 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది, లైఫ్‌గార్డుతో నడిచే ఈత కాలం మామూలుగా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. మే రెండో వారం ప్రాంతంలో వానాకాలం దిగి జూన్ మూడో వారం దాకా ఉంటుంది. జూలై నుంచి నీళ్లు 29 డిగ్రీలకు చేరతాయి. ఆగస్టు, సెప్టెంబరు తుపానులవి. మిగిలిందెంత? ఏప్రిల్ చివర జపాన్ సెలవుల వారం వదిలేస్తే, మే మొదటి వారం తర్వాత కొద్ది రోజులు, వాన వెళ్లాక జూన్ చివర, మళ్లీ అక్టోబరు. వీటిలో ధరకూ వాతావరణానికీ పొంతన బాగా కుదిరేది అక్టోబరుకే.

తుపాను గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సెలవు చెడేది ఎక్కువగా దీనివల్లే. పసిఫిక్‌లో పుట్టిన తుపానులు వాయవ్యంగా వచ్చి ఒకినావా అక్షాంశాల దగ్గర ఈశాన్యానికి మలుపు తిరుగుతాయి. ఆ మలుపులో వాటిని నడిపించే పైగాలులు బలహీనంగా ఉంటాయి కనుక గంటకు 15 కిలోమీటర్లు కూడా దాటని వేగంతో కదులుతాయి. మన కోస్తాకు వచ్చే తుపాను చాలావరకు ఒక రాత్రిలో తీరం దాటేస్తుంది, ఒకినావాలో అదే తుపాను రెండు రోజులు నెత్తి మీద కూర్చుంటుంది. 2023 ఆగస్టులో ఖానూన్ తుపాను పడమటికి దాటిపోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి మళ్లీ వచ్చింది. రెండు లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది, విమానాలు రోజుల తరబడి రద్దయ్యాయి.

తుపాను వస్తోందంటే హోటల్‌లో జరిగేది దాదాపు ఒకే వరసలో ఉంటుంది. రెండు రోజుల ముందే జెల్లీచేపల వల పైకి లాగేస్తారు, పడవలు, తేలే బల్లలు ఒడ్డెక్కుతాయి, అంటే ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే ఈత బంద్. ముందురోజు కొలను మూసి, బాల్కనీ కుర్చీలు గదిలో పెట్టేసి, తలుపు తెరవొద్దని చెబుతారు. గాలి పెరిగాక కిటికీ చట్రం సందుల్లోంచి వాన అడ్డంగా లోపలికి వస్తుంది, అందుకు పాత తువ్వాళ్లు ఇచ్చి గడప దగ్గర పరచమంటారు. కరెంటు పోతే జనరేటర్ మీద నడవల్లో దీపాలు వెలుగుతాయి గానీ గది ఏసీ నడుస్తుందని నమ్మకం లేదు. రెస్టారెంట్లలో ఒకటి రెండే తెరుస్తారు. గాలి తగ్గాక కూడా ఉప్పెన అలలు, బురద నీరు, కొట్టుకొచ్చిన చెత్త ఉంటాయి, వల మళ్లీ కట్టాలి. ఒక తుపాను బీచ్ సెలవులో నాలుగైదు రోజులు మింగుతుందనేది అందుకే.

దీనికి ముందుజాగ్రత్త టికెట్లలోనే ఉంది. భారత్ నుంచి టోక్యో ఒక టికెట్, టోక్యో నుంచి నాహా వేరే టికెట్ అయితే, తుపానుకు నాహా విమానం రద్దయినప్పుడు ఆ విమానసంస్థ డబ్బు తిరిగిస్తుంది లేదా తేదీ మారుస్తుంది. మనం అందుకోలేకపోయిన అంతర్జాతీయ విమానానికి మాత్రం ఎవరూ పూచీ పడరు. అందుకని ఒకినావాను ప్రయాణం చివర పెట్టకూడదు. మొదట గానీ మధ్యలో గానీ పెట్టి, తిరుగు ప్రయాణానికి ముందు టోక్యోలోనో ఒసాకాలోనో రెండు మూడు రోజులు వదలాలి. హోటల్ నిబంధనల్లో చూడాల్సింది కూడా ఒకటే: విమానం రద్దయితే రద్దు రుసుము మాఫీ చేస్తారా, ఇరుక్కుపోతే అదే ధరకు పొడిగిస్తారా.

కట్టడాల మీద కూడా ఈ వాతావరణం ముద్ర కనిపిస్తుంది. ఒకినావాలో చాలా భవనాలు మందపాటి కాంక్రీటువే. తుపానుకు కాంక్రీటు తట్టుకుంటుంది, ఉప్పుకు తట్టుకోదు. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప ఊచను చేరితే, తుప్పు పట్టిన ఊచ ఉబ్బి పైపొరను పగలగొడుతుంది. బాల్కనీ కింది భాగంలో గోధుమరంగు మరకలు, పెచ్చులు కనిపిస్తే అదే సంగతి. ఏసీ బయటి యూనిట్లు ఉప్పు తట్టుకునే ప్రత్యేక రకానివి వాడతారు. కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న హోటల్ ఎప్పుడు తెరిచారన్నదాని కంటే గదులు చివరిసారి ఎప్పుడు పునరుద్ధరించారన్నదే అడగాలి. గది సముద్రానికి ఎంత దగ్గరగా ఉంటే తేమ, బూజు వాసన అంత ఎక్కువ. బ్రోషర్లలో ఈ మాట ఉండదు.

రిసార్టులు ఆ సముద్రానికి చేసే చేటు కూడా ఉంది. ద్వీపం ఉత్తర భాగంలోని ఎర్రమట్టి చాలా సన్నం, వాన పడగానే నీళ్లలో కలిసి కొట్టుకుపోతుంది. పొలాల నుంచి, నిర్మాణాల నుంచి వచ్చిన ఆ మట్టి ఇనోలో పేరుకుంటే పగడాలకు ఊపిరాడదు. 1995 నుంచి అమల్లో ఉన్న స్థానిక శాసనం కింద 1,000 చదరపు మీటర్లు దాటిన తవ్వకానికి మట్టి జారకుండా చేసే ఏర్పాట్లు ముందుగా చూపించాలి. నీటి వేడిమి పెరిగితే మాత్రం ఏ శాసనమూ పని చేయదు. 1998లో, 2016లో, 2024లో పగడాలు పెద్ద ఎత్తున రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. 2016లో ఇషిగాకి, ఇరియోమోతె ద్వీపాల మధ్యనున్న సెకిసేయి మడుగులో దాదాపు 70 శాతం పగడాలు చనిపోయాయి. ఒన్నా మత్స్యకారుల సంఘం పగడపు మొక్కలు పెంచి నాటుతోంది, ఆ గ్రామం 2018లో తనను పగడాల గ్రామంగా ప్రకటించుకుంది. రిసార్టులు కూడా అతిథులతో పగడాలు నాటిస్తుంటాయి. మంచిదే, కానీ సరదాగా ఒకటి నాటి, మరునాడు ఇనోలో ఫిన్లతో (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) పగడాల మీద నిలబడేవాళ్లు కూడా వాళ్లే.

నీళ్ల విషయం కూడా సున్నితమే. 1981-82లో ద్వీపంలో వరసగా 326 రోజులు నీటి సరఫరాలో కోత నడిచింది. పాత ఇళ్ల డాబాల మీద కనిపించే ట్యాంకులు ఆ జ్ఞాపకానివే. ఇప్పుడు ఉత్తరాన ఆనకట్టలు, చతాన్‌లో రోజుకు 40,000 ఘనపు మీటర్ల సముద్రపు నీళ్లలో ఉప్పు తీసే నిర్లవణీకరణ కేంద్రం ఉన్నాయి. 2019లో కోటి దాటిన పర్యాటకులు వాడేది కూడా ఆ నీళ్లే. ఇంతా చేసి జపాన్ ప్రిఫెక్చర్లలో తలసరి ఆదాయంలో ఒకినావా అట్టడుగునే ఉంటోంది. కొత్త లగ్జరీ హోటళ్లలో పెట్టుబడి చాలావరకు ప్రధాన భూభాగానిది. హలెకులాని వెనక ఉన్నది టోక్యో స్థిరాస్తి సంస్థ మిత్సుయి ఫుదోసాన్. స్థానికుల చేతిలో ఉన్నవాటికి వెళ్లాలనుకుంటే బుసేనా టెర్రస్ ఉన్న టెర్రస్ హోటళ్లు, కరియుషి సంస్థ హోటళ్లు చూడొచ్చు.

బుకింగ్ వేళ పనికొచ్చేవి మరికొన్ని. జపాన్ వెబ్‌సైట్లలో ధర చాలాసార్లు గదికి కాదు, తలకు. ఇద్దరైతే రెట్టింపు. అందులో 10 శాతం వినియోగ పన్ను, సేవా రుసుము కలిశాయో లేదో, అల్పాహారం ఉందో లేదో విడిగా చూడాలి. ‘సముద్రం వైపు’ అంటే బాల్కనీ పక్కకు తిరిగితే కనిపించినా చాలు, ‘సముద్రానికి ఎదురుగా’ అని స్పష్టంగా రాస్తేనే నేరుగా. మంచం పంచుకునే చిన్నపిల్లలకు చాలాచోట్ల గది రుసుము ఉండదు, కానీ వయసు పరిమితి ఒక్కో హోటల్‌లో ఒక్కోలా ఉంటుంది.

మోనోరైలు నాహా, దాని చుట్టుపక్కలకే పరిమితం. ఒన్నాకు ఎక్స్‌ప్రెస్‌వే మీద కారులో గంట, హోటళ్ల దగ్గర ఆగుతూ పోయే విమానాశ్రయ బస్సులో గంటన్నర, రెండు గంటలు. భారత్‌లో ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కింద జపాన్‌లో చెల్లుతుంది, అక్కడా మనలాగే ఎడమ వైపు నడపాలి. పర్మిట్‌తో పాటు అసలు లైసెన్స్, పాస్‌పోర్ట్ కూడా కౌంటర్లో చూపించాలి. ఫొటోకాపీ పనికిరాదు.

శాకాహారులకు ఇంకో చిక్కు. ముక్కలు కనిపించకపోయినా పులుసులో ఎండుచేప సారమో, పందిమాంసం సారమో ఉంటుంది. ఒకినావా సోబా (నూడుల్స్) పులుసు రెండూ కలిపి చేసేదే, జూషి అన్నం కూడా పంది సారంలో ఉడుకుతుంది, కాకరకాయ టోఫు వేపుడులో పందిమాంసమో డబ్బా మాంసమో పడుతుంది. ‘మాంసం వద్దు’ అంటే వంటవాళ్లు ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు. ‘మాంసం, చేప, వాటితో కాచిన పులుసు, గుడ్డు’ అని వద్దనుకున్నవన్నీ విడివిడిగా రాసి, కనీసం వారం ముందు హోటల్‌కు ఈమెయిల్ పెడితే పెద్ద రిసార్టుల్లో వేరేగా వండే వీలుంటుంది. అక్కడికి వెళ్లాక భోజనాల బల్ల దగ్గర చెబితే ఆ పూటకు మిగిలేది అన్నం, సలాడ్, పళ్లే.